ఇప్పచెట్టు కింద చదువు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, చర్ల దగ్గర ఆడపిల్లల హాస్టల్ బడిలో టీచరుగా చేరాను. మణుగూరు కాలనీలో పెరిగినదాన్ని, అడవిని బస్సు కిటికీలోంచి తప్ప ఎరగను. పిల్లలకని ఒక పాత నవల వెంట తీసుకెళ్లాను. అందులో జంతువులన్నీ మాట్లాడతాయి. ఎలుగుబంటి అయితే తేనె తీసే ముందు తేనెటీగలను మర్యాదగా అనుమతి అడుగుతుంది.

సాయంత్రాలు చదివి వినిపించేదాన్ని. కుందేలు మాటలకు నవ్వేవాళ్లు, ఎలుగు దగ్గరికొచ్చేసరికి మొహాలు ముడుచుకునేవాళ్లు. "ఎలుగు గట్ల అడగది మేడం, మీద పడ్తది," అంది ఏడో తరగతి పిల్ల ఒకతి. నాకు ఒళ్లు మండింది. కథను కథలా వినరేం అని కసిరాను.

ఇప్పపూలు రాలే కాలం రాగానే ఆ పిల్ల నవల అడిగి తీసుకుని ఇంటికి పోయింది, మళ్లీ రాలేదు. పరీక్షలు నెత్తిమీదికొచ్చాయి. ఒకసారి పరీక్ష పోయిందంటే ఆడపిల్ల చదువు అంతటితో సరి. తాడో పేడో తేల్చుకుందామని ఒక శనివారం వాళ్ల ఊరు పోయి, ఆ రాత్రి వాళ్లింట్లోనే ఉన్నాను.

తెల్లవారుతుండగా తండ్రీకూతుళ్లు పూలేరడానికి బయల్దేరారు. నేనూ వెంట నడిచాను. పిల్ల దారంతా గట్టిగా మాట్లాడుతూనే ఉంది. ఇప్పపూలంటే ఎలుగులకు ప్రాణమట. మనిషి గొంతు వింటే తప్పుకుంటాయి, వినకుండా ఎదురుపడితేనే ముప్పు. అందుకే అక్కడ అందరూ మాట్లాడుతూనే పూలేరతారు. చలికాలంలో గొంతుకు ఆపరేషనై ఆ తండ్రికి మాట పోయింది. చప్పుడు కోసం డబ్బా కొడుతూ కూర్చుంటే పూలేరే చేతులేవి?

పిల్ల చెట్టు కింద కూర్చుని నవల తెరిచి, గొంతెత్తి చదవసాగింది. తండ్రి వంగి పూలేరుతున్నాడు. చదువు ఆగితే తలెత్తి చూస్తున్నాడు. క్లాసులో గడగడా చదివే పిల్ల ఇక్కడ అక్షరమక్షరం కూడబలుక్కుంటోంది. ఏందే ఇది అన్నాను.

"జల్దీ చదివితే అయిపోతది మేడం. పూలు ఇంకా శానా రాలుతయి."

అయిపోతే మళ్లీ మొదట్నించి చదవమన్నాను.

"విన్నదే మల్ల వింటే ఎలుగు పోతదా?"

నవ్వొచ్చింది, వెంటనే దుఃఖమూ వచ్చింది. పరీక్షల మాట పక్కన పెట్టాను. పుస్తకం తీసుకుని నేనే చదవడం మొదలుపెట్టాను. పిల్ల పరుగున పోయి తండ్రి పక్కన కూర్చుని పూలేరింది. ఎండెక్కేసరికి రెండు బుట్టలు నిండాయి.

"రేపు గూడ వస్తరా మేడం?" అంది.

రేపు సోమవారం. బడి నాకుంది, ఆమెకూ ఉంది. నేనొక్కదాన్నే తిరిగి వచ్చాను.