గోడకు పట్టని పేరు

నార్వే పడమటి తీరంలో తోర్గిల్స్ చెయ్యి పడని పడవ లేదు. కిందటేడు ఒక పడవకు అతను పేరు రాస్తే, చదువుకుందామని పైకొచ్చిన చేపలతోనే వల నిండిపోయిందని టర్వీక్ రేవులో ఇప్పటికీ చెబుతారు. నమ్మనివాళ్లు ఆ చేపలనే అడగవచ్చు.

అంతటివాడికి ఉప్పుచేపలు ఎండబెట్టేవాళ్ల సంఘం కొత్తింటి మీద పేరు రాసే పని వచ్చింది. అక్కడ మాటల్ని విడివిడిగా వదలరు, రైలుపెట్టెల్లా తగిలించేస్తారు. ఉప్పుచేప, ఎండబెట్టేవాడు, సంఘం, ఇల్లు, అన్నీ కలిపి క్లిప్‌ఫిస్క్‌టోర్కెర్‌లాగ్స్‌హూస్ అని ఒకే మాట. "కొలతలు చేతకానివాళ్లకి" అంటూ తోర్గిల్స్ ఎడమ మూల నుంచి నిలువెత్తు అక్షరాలు మొదలుపెట్టాడు. సంఘం దాకా వచ్చేసరికి గోడ అయిపోయింది. ఇల్లు బయటే మిగిలింది.

ఆదివారమే ప్రారంభోత్సవం. అప్పటికి పేరు పూర్తికాకపోతే పట్నం నుంచి రేకు అక్షరాలు తెప్పిస్తానన్నాడు సంఘం పెద్ద అస్లాక్. ఒకసారి రేకు దిగిందంటే తీరమంతటా కుంచె మూలపడ్డట్టే.

"మిగిలింది కింద రాసెయ్యవయ్యా," అంది భార్య గున్వోర్, నిచ్చెన దగ్గర కాఫీ పట్టుకుని.

"ఎక్కడ విరవాలే? మధ్యలో జిగురులా ఆ 'స్' ఒకటుంది. అది సంఘానిదా, ఇంటిదా?"

"సంఘానిదే," అంది అటుగా వచ్చిన పాత పంతులమ్మ సున్నివ. "అతుకు దగ్గర విరిచినా ఒప్పే నాయనా. ఒక్క హల్లుని కిందికి దించి విరిచినా ఒప్పే."

"రెండూ ఒప్పైతే నేనేం చావను? ఒకటన్నా తప్పని చెప్పమ్మా, నీకు పుణ్యముంటుంది!"

అంతలో అస్లాక్ ఊడిపడ్డాడు. "ఒరేయ్, విరిచావంటే సముద్రం మీంచి సగమే కనబడుద్ది. మా తాతల సంఘాన్ని రెండు ముక్కలు చేస్తావా?"

తోర్గిల్స్ నిచ్చెన మీదే చతికిలబడ్డాడు. చెరిపి చిన్నగా రాద్దామంటే అది చేప కాలేయం నూనెలో కలిపిన రంగు. పిడుగు పడినా పోదు.

శనివారం పొద్దున్నే సుత్తుల చప్పుడు. అస్లాక్ ఊరందరినీ డుగ్నాడ్‌కు పిలిచాడు. ఎవరి పలకలు, ఎవరి మేకులు వాళ్లే తెచ్చుకుని, కూలి ముట్టకుండా చేసే ఊరుమ్మడి పని అది. పేరు విరవడం కన్నా గోడ పెంచడమే తేలికని తేల్చారు. మధ్యాహ్నానికి తోర్గిల్స్ మిగిలిపోయిన 'ఇల్లు' మాటను కూడా గోడెక్కించేశాడు. కానీ ఊపులో ఉన్న జనం ఆగితేగా! పేరు అయిపోయాక నాలుగు బారల గోడ మిగిలింది.

"బోసిగా ఉందిరా. ఆ చివర కాఫీగది పెడదాం, అది కూడా తగిలించెయ్యి," అన్నాడు అస్లాక్.

"ఈ పేరుకేనా? అప్పుడు గోడ చాలదయ్యా!"

"చాలకపోతే మళ్లీ శనివారం లేదూ?"

రేకు మాట ఎవరూ ఎత్తలేదు. తోర్గిల్స్ కుంచె ముంచాడు, తీశాడు, మళ్లీ ముంచాడు. గట్టెక్కాడో, ఇంకా లోతుగా ఇరుక్కున్నాడో అతనికే అంతుపట్టలేదు.

ఆ గోడ ఇప్పుడు పక్కరేవు పొలిమేర దాటింది. తోర్గిల్స్ ఇంకా నిచ్చెన మీదే ఉన్నాడు. కొలబద్ద మాత్రం ఇంకా కొనలేదు.