ముందు వెలుగు, తర్వాత పొద్దు

వల్లూరు చేన్లలో సోలార్ పలకలు పరిచిన కొత్తలో మా అన్నకు వాటిని కడిగే పని దొరికింది. ఇక చూడండి, నిద్ర లేస్తే ఎండ గురించే మాటలు. ఆ ఊపులోనే ఒక ఆదివారం మందిరంలో, ప్రసంగం మధ్యలో లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఆదికాండంలో మొదటి దినం వెలుగు కలిగిందంటారు. సూర్యుణ్ని చేసింది నాలుగో దినమంట. అంతవరకు వెలుగు యాడినుంచి వచ్చింది? పొద్దు లేకుంటే మా ప్లాంటులో ఒక బల్బు గూడా వెలగదు."

క్యాతగానచెర్లు దారిలో ఉండే ఆ మందిరానికి రేకుల కప్పు, నాలుగు చాపలు, కన్నడ గడ్డ మీద తెలుగు మాట్లాడే మాలాంటి గుప్పెడు కుటుంబాలు. పావగడ నుంచి బండి మీద వచ్చే పాస్టర్ అయ్యగారిని అంతవరకు ఎవరూ ఎదురు అడిగింది లేదు. సంఘపెద్ద మండిపడ్డాడు.

"దేవుని మాటకే వంకలు పెడతావా? కూర్చోప్పా!"

అయ్యగారు ఆయన్ని ఆపి, నిదానంగా చెప్పారు. ఆ దినాలు మన దినాల్లాంటివి కావని కొందరంటారట. వెలుగు దేవుడిదే, సూర్యుడు దాన్ని మోసేవాడని ఇంకొందరంటారట. ఆయనకు తోచింది మాత్రం, అది ఎట్లా చేశాడో నేర్పే పాఠం కాదు, చేసింది ఎవరో చెప్పే మాట అని.

"ఎవరో చెప్పేదానికైతే దినాలు లెక్కబెట్టేది ఎందుకు?" అన్నాడు మావాడు.

"అది నాకూ తెలీదప్పా" అన్నారు అయ్యగారు.

అన్న గెలిచినవాడిలా కూర్చున్నాడు. నాకైతే ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చాక అన్న, "వచ్చే వారం నుంచి నేను రాను" అని తేల్చేశాడు. అమ్మ ముఖం వాడిపోయింది. నాయన పోయాక మేం ముగ్గురం కలిసి వెళ్ళే చోటు అదొక్కటే. అది కూడా లేకపోతే కొడుకు చేయిజారిపోతాడని ఆమె భయం.

ఆ మధ్యాహ్నం శెనక్కాయలు ఒలుస్తూ అమ్మే మాట తీసింది. "దేవుడు ముందు వెలుగు చేసినాడంటే, చిన్నప్పుడు నేను కంపవెలుగు అనుకుంటి."

చేను చుట్టూ ముళ్ళకంపతో వేసే కంచెను కూడా అమ్మ వెలుగనే అనేది.

"చేను చేసేవాడెవడైనా ముందు వెలుగేసుకుంటాడు గదా. తర్వాత విత్తనం, తర్వాత గొడ్లు. దేవునికి సేద్యం బాగా తెలుసుననుకుంటి. ఆదివారం బడిలో అదే చెప్తే టీచరమ్మ పడీపడీ నవ్వింది."

అన్న చేతిలో కాయలు కింద పోసేసి మరీ నవ్వాడు. "అమా, మా కంపెనీవాళ్ళదీ అదే వరస. ముందు చుట్టూ వెలుగేసినారు, తర్వాతే పొద్దును పట్టినారు."

నవ్వులన్నీ అయ్యాక అమ్మ అంది: "నేను తప్పుగా అనుకున్నానని దేవుడేం అలగలేదు. నువ్వు నమ్మకుంటే నమ్మకపో. నాతోపాటు వచ్చి కూర్చో. అంతే."

మరుసటి ఆదివారం అన్న మాకంటే ముందే తయారై బండి తీశాడు.

ఆ తర్వాతి ఏళ్ళంటే నాకు ఎంత ఇష్టమో! అన్న నోరు ఊరుకుంటుందా? కయీనుకు పెళ్ళాం యాడినుంచి వచ్చింది? పాము మాట్లాడింది తెలుగా, కన్నడమా? సంఘపెద్ద పళ్ళు నూరేవాడు. అయ్యగారు తెలిసింది చెప్పేవారు, తెలియనిది తెలియదనేవారు. తిరిగొచ్చేటప్పుడు ముగ్గురం ఒకే బండి మీద, అమ్మ ఆ ప్రశ్నలనే మళ్ళీ మళ్ళీ అడిగించుకుని నవ్వేది. ఆ నవ్వు ఇంకొక్కసారి వినాలని ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

మొన్నటి వేసవిలో అమ్మ పోయింది. సమాధి చేశాక వచ్చిన ఆదివారం నేనొక్కదాన్నే ఆటోలో మందిరానికి వెళ్ళాను. అన్న వచ్చేదే అమ్మ కోసం, ఇంక ఏమని రమ్మంటాను?

దేవుడు మనిషిని మట్టితో చేసిన భాగం చదివారు అయ్యగారు. చదవడం అయిందో లేదో, తలుపు దగ్గరి నుంచి గొంతు వినిపించింది.

"అయ్యగారూ, మట్టితో చేసినవాడు, మనం మట్టిలో పెట్టినోళ్ళను మళ్ళీ చేస్తాడా?"

అన్న చెప్పులు విప్పి గడప బయటే నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్ళలో జవాబు కావాలని అన్న అడిగిన ప్రశ్న అదొక్కటే. సంఘపెద్దే కాస్త జరిగి, తన పక్కన చాప మీద చోటు చూపించాడు.