బాలింత కోసం నీలి సొర వేటకు

లండన్ పక్కనున్న వాట్‌ఫర్డ్‌లో మా పక్క ఫ్లాట్ గ్రేస్ ఆంటీ కూతురు సునీతకు కాన్పై మూడు వారాలైంది. పాలు చాలడం లేదు. ఆంటీది కాకినాడ. బాలింతకు సొరచేపను ఉడికించి పొడిగా వండే సొర పుట్టు పెడితేనే పాలు పడతాయని వాళ్ల నమ్మకం. అడిగిన దుకాణాల్లో సొర దొరకలేదు. కార్న్‌వాల్‌లోని లూ రేవు నుంచి సొర వేటకు పడవలు వెళ్తాయని చెప్పింది నేనే. మెటర్నిటీ వార్డులో పాతికేళ్లుగా నర్సుగా ఉన్న ఆంటీ డ్యూటీ రోటా మార్చుకుని, ఐస్ బాక్స్‌తో సహా నన్నూ వెంటబెట్టుకుని బయల్దేరారు.

లండన్ పాడింగ్టన్ నుంచి లిస్కర్డ్‌కు సుమారు నాలుగు గంటలు, అక్కడి నుంచి చిన్న రైల్లో లూకు అరగంట. రాత్రి అక్కడే ఉండి ఉదయం ఎనిమిదిన్నరకు పడవెక్కాం. మనిషికి తొంభై పౌండ్లు. రెండు గంటలు ప్రయాణించాక పడవ యజమాని పీటర్ ఇంజను ఆపి, నలిపిన మాకెరల్ చేపల సంచిని నీళ్లలోకి వేలాడదీశాడు. ఆ నూనె వాసన వెంటే సొర వస్తుందట.

పన్నెండున్నర దాటాక ఆంటీ గాలాన్ని ఏదో గట్టిగా లాగింది. ఇరవై నిమిషాల పెనుగులాట తర్వాత ఏడడుగుల నీలి సొర పడవ పక్కకు వచ్చింది.

"బాబూ, బాక్స్ మూత తియ్యి!" అని ఆంటీ కేకేశారు.

పీటర్ మాత్రం నీళ్లలోనే దాన్ని కొలిచి, కొక్కెం తీయబోయాడు.

"అదేంటి, అది నాది!"

"ఈ పడవలోకి సొర రాదమ్మా. పట్టడం, కొలవడం, వదలడం, అంతే." దాని మెడ మీది పచ్చి గాట్లు చూపించాడు. "ఇది ఆడది. జతకట్టేటప్పుడు మగది కొరికి పట్టుకుంటుంది. అందుకే దీని చర్మం మగదానికన్నా చాలా మందం. ఒక్క కాన్పులో డజన్ల కొద్దీ పిల్లలు."

"మరి పాలో?"

"పాలా? ఇది చేపమ్మా! పుట్టగానే పిల్లల బతుకు పిల్లలదే."

అతను కొక్కెం తీయగానే సొర మునిగిపోయింది. ఆంటీ ఖాళీ ఐస్ బాక్స్ మీద కూర్చున్నారు.

"వార్డులో రోజూ ఏం చెప్తానో తెలుసా బాబూ? పాలు చాలకపోతే వెంటనే పిలవండి, బిడ్డ బరువు చూడాలి అని. నా కూతురు, ఇంటికొచ్చి బిడ్డను చూసే హెల్త్ విజిటర్‌ని పిలుస్తానంటే రెండుసార్లు వద్దన్నాను. సొర తిందువుగానిలే అన్నాను."

ఏడడుగుల సొరను చూసినప్పుడు కూడా నేను అంతగా అదిరిపడలేదు.

ఐదింటికి రేవు దగ్గర సిగ్నల్ రాగానే ఆంటీ స్పీకర్‌లో ఫోన్ చేశారు. "సునీ, ఇప్పుడే హెల్త్ విజిటర్‌కి ఫోన్ చేసి పాపకి వెయిట్ చూపించు. నా మాట వినకు."

"మమ్మీ, మొన్ననే పిలిచాను. పాప సరిగ్గా రొమ్ము పట్టడం లేదంట, ఎలా పట్టించాలో చూపించారు. వెయిట్ కొంచెం తక్కువే, మళ్లీ మండే చూస్తారు. నువ్వు ఫీలవుతావని చెప్పలేదు."

ఆంటీ కళ్లు తుడుచుకున్నారు. "ఆ ముక్క నేను రైలెక్కక ముందు చెప్పొచ్చు కదే!"

పాతికేళ్లు ఉద్యోగంలో చెప్పిన మాటను ఇంటి గడప దగ్గర వదిలేయొచ్చని నేనెప్పుడూ అనుకోలేదు. కానీ ఆమెను తప్పుపట్టే అర్హత నాకు లేదు. పట్టిన సొరను వదిలేస్తామని పడవవాళ్ల వెబ్ పేజీలో మొదటి వరుసలోనే ఉంది. రాసే ముందు నిజానిజాలు చూసుకోవడమే వృత్తిగా ఉన్న నేను దాన్ని చదవలేదు. వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: వాంతులు ఆపే మాత్ర పడవ కదలడానికి గంట ముందే వేసుకోండి. నేను నడిసముద్రంలో వేసుకున్నాను, అది చేపలకే దక్కింది.