దిరిసెన చెట్టు, రెండు మిరప కల్లాలు

పుష్యమాసంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి నాకు పనుండదు. గుంటూరు బ్రాడీపేటలో మాకో చిన్న ఫోటో స్టూడియో ఉంది. మిగతా సంవత్సరమంతా కాసుల పేర్లు, వడ్డాణాలు, పూలజడలు, వాటి మధ్య ఎక్కడో పెళ్ళికూతురి మొహం. అవే చూసీ చూసీ నాకో అలవాటైంది. చలికాలం రాగానే ఆకులు రాల్చేసిన చెట్లను వెతుక్కుంటూ ఊళ్ళు తిరుగుతాను. ఆకులున్నంతకాలం ఏ చెట్టు చూసినా పచ్చటి గుబురే. అవి రాలాకే ఏ కొమ్మ ఎటు తిరిగిందో, ఏ గాలికి ఎటు ఒంగిందో కనబడుతుంది. మా ఆయన దీనికి ఎండుచెట్ల పిచ్చి అని పేరు పెట్టారు. పెట్టుకోనీండి.

ఈసారి నేను బయల్దేరింది ఒకే ఒక్క చెట్టు కోసం. కిందటి మాఘంలో చీరాలలో ఒక పెళ్ళికి ఫోటోలు తీసి బస్సులో తిరిగొస్తుంటే, పర్చూరు ఇంకా నాలుగైదు కిలోమీటర్లుందనగా, రోడ్డుకి ఎడమవైపు పొలాల్లో అది కనిపించింది. పెద్ద చెట్టు. ఒక్క ఆకు లేదు. కిందంతా రెండు వైపులా ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కిటికీలోంచి కెమెరా తీసేలోపే బస్సు దాటిపోయింది. ఆ రాత్రి ఇంటికొచ్చి పెళ్ళి ఫోటోలు కంప్యూటర్లో వేసుకుంటున్నా మనసు దాని మీదే ఉంది. మళ్ళీ పుష్యం రానీ అనుకున్నాను.

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళి, అక్కడ చీరాల బస్సెక్కితే పర్చూరు మీదుగా పోతుంది. ఖర్చు తక్కువే. కానీ ఫోటోల కోసం వెళ్ళేవాళ్ళు ఎక్కడబడితే అక్కడ దిగాలి కాబట్టి నేను కారు మాట్లాడుకున్నాను. డీజిలుతో కలిపి రోజుకి మూడువేల ఐదొందలు. డ్రైవరు శ్రీను మా వీధివాడే. తెల్లవారుజామున మంచులో లైట్లేసుకుని బయల్దేరాం. విషయం విని అతను అద్దంలోంచి నా వంక చూశాడు.

"ఎండిపోయిన చెట్టుకా మేడం? రానూపోనూ రెండొందల కిలోమీటర్లు!"

"ఎండిపోలేదు శ్రీనూ. ఆకు రాల్చింది, అంతే."

"ఏదైనా ఒకటే కదండీ చూడ్డానికి," అన్నాడు.

చిలకలూరిపేటలో హైవే వదిలి లోపలికి తిరిగేసరికి పొద్దు పొడిచింది. అక్కడి నుంచే అసలు ప్రయాణం మొదలు. నల్లరేగడి మీద మంచు కప్పేసి భూమి ఎక్కడుందో, ఆకాశం ఎక్కడుందో తెలియడం లేదు. పత్తి చేలల్లో ఆఖరి తీత నడుస్తోంది. ఆకులన్నీ రాలిపోయిన గోధుమరంగు మోళ్ళ మీద అక్కడక్కడా తెల్లగా విచ్చిన కాయలు. వాటి వెనక బూరుగు చెట్టొకటి, చేతులు బారచాపుకున్నట్టు వరసలు వరసలుగా కొమ్మలు. శ్రీను చేత కారు ఆపించి అరగంట అక్కడే ఉన్నాను. మంచు కరుగుతున్నకొద్దీ కొమ్మ తర్వాత కొమ్మ బయటపడుతుంటే ఎన్ని ఫోటోలు తీశానో నాకే తెలియదు. మీరు వెళ్తే ఈ చోటికి ఏడింటిలోపు చేరండి. ఎనిమిది దాటితే మంచుండదు, ఆ అందమూ ఉండదు.

పర్చూరులో టిఫిను. బస్టాండు దగ్గర రేకుల కప్పున్న హోటల్లో వేడివేడి ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి. ఇద్దరికీ కలిపి నూరు రూపాయలు కూడా కాలేదు. వడ్డిస్తున్న పెద్దాయన్ని ఆ చెట్టు గురించి అడిగాను.

"రోడ్డు పక్కన, మిరపచేలో, బాగా పెద్దదా? దిరిసెన చెట్టయ్యుంటుంది. గాలేస్తే గలగలమంటదే, అదేనా?"

"గలగల వినలేదండీ. బస్సులో ఉన్నాను."

"అయితే పోయి వినండి," అన్నాడాయన చట్నీ పోస్తూ. "ముందు కారప్పొడి అవగొట్టండి."

ఊరు దాటాక శనగ చేలు, పందిళ్ళ కింద తోరణాల్లా వేలాడుతున్న పొగాకు దండలు. ఈసారి చెట్టు కుడివైపు రావాలి కదా, అటే చూస్తూ కూర్చున్నాను. దూరం నుంచే గుర్తుపట్టాను. పోలిక కాదు, సరిగ్గా అదే. కారు దిగి గట్టు వెంట నడుస్తుంటే ఆ పెద్దాయన చెప్పిన శబ్దం వినబడింది. కొమ్మల నిండా ఎండుగడ్డి రంగులో పలచగా, జానెడు పొడుగున్న కాయలు, వందలు వేలు. గాలి వచ్చినప్పుడల్లా అవన్నీ ఒకదానికొకటి తగిలి, దూరంగా ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు చప్పుడు. నేను అలా తలెత్తి చూస్తూ ఉండిపోయాను.

"ఎవరమ్మా నువ్వు? స్థలాలు చూసేవాళ్ళా?"

చెట్టుకి ఇవతలి కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్న ఆవిడ అడిగింది. యాభై ఏళ్ళుంటాయి. తలకి తువ్వాలు చుట్టుకుంది. పేరు కోటేశ్వరమ్మ. స్థలాలు కాదండీ, చెట్టు ఫోటో తీసుకుందామని వచ్చానంటే నమ్మలేదు. కెమెరాలో పొద్దుటి బూరుగు చెట్టు చూపించాను. ఆవిడ చాలాసేపు చూసింది.

"బానే ఉందిగానీ, ఇప్పుడెందుకొచ్చావమ్మా? చైత్రం దాటాక రా. పచ్చగా చిగురేసి, తెల్లగా పూసి, ఊరంతా వాసనొస్తది. ఇప్పుడు తీస్తే దానికి మాత్రం ఏం బాగుంటది, ఒంటిమీద బట్టల్లేనప్పుడు తీసినట్టు!"

నేను నవ్వాను, ఆవిడ నవ్వలేదు. నిజంగానే చెట్టు పరువు గురించి ఆలోచిస్తోంది. "వెళ్ళేముందు ఒకసారి చూపించు, బాగా వస్తేనే ఉంచుకో," అని మాత్రం ఒప్పుకుంది.

చెట్టుకి అవతల ఇంకో కల్లం ఉంది. అక్కడ కూడా ఒకావిడ, వయసులో చిన్నది, కాయలు తిరగేస్తోంది. ఇద్దరి మధ్య దూరం పది అడుగులు కూడా లేదు. అయినా ఒకరి వంక ఒకరు చూసుకోవడం లేదు. అడగకుండానే కోటేశ్వరమ్మ చెప్పింది. ఆవిడ తన తోడికోడలు, పద్మ. పంపకాల్లో చెట్టు సరిగ్గా గట్టు మీదికొచ్చింది. పద్మావాళ్ళు కొట్టేద్దామంటారు. వీళ్ళు వద్దంటారు. రెండేళ్ళ నుంచి మాటల్లేవు.

"మొగోళ్ళిద్దరూ బయట మాట్లాడుకుంటారమ్మా. మాకే లేవు," అంది కోటేశ్వరమ్మ. ఆ ఇద్దరూ కలిసి ఆ రోజు కాయ ధర చూడ్డానికి గుంటూరు మిర్చి యార్డుకే వెళ్ళారట.

మధ్యాహ్నపు ఎండకి ఫోటోలు బాగా రావు. చెట్టు మొదట్లో కూర్చుని కోటేశ్వరమ్మ పెట్టిన పచ్చడి అన్నం తిన్నాం. శ్రీను అక్కడే తువ్వాలు పరుచుకుని నిద్రపోయాడు. మూడవుతుండగా వెలుగు ఉన్నట్టుండి మారింది. తూర్పున సముద్రం వైపు నుంచి నల్లటి మబ్బు లేస్తోంది. పడమటి సూర్యుడికి ఇంకా అడ్డం లేదు. ఆ ఎండంతా చెట్టు మీద పడి ప్రతి కొమ్మా, ప్రతి కాయా బంగారు రేకులా మెరుస్తోంది, వెనక ఆకాశం కాటుకలా ఉంది. ఇరవై ఏళ్ళుగా ఫోటోలు తీస్తున్నాను, అలాంటి వెలుగు నా కెమెరా ముందుకి ఎప్పుడూ రాలేదు. గబగబా స్టాండు బిగించడం మొదలుపెట్టాను.

"ఓరి దేవుడో, మబ్బు!" అని కోటేశ్వరమ్మ కేక.

నేను అంతవరకూ ఆ మబ్బుని ఫోటోకి వెనక తెరలాగే చూశాను. ఆవిడకి అది కల్లం మీదికొస్తున్న వాన. ఆరిన కాయ తడిస్తే మచ్చపడి తెల్లబడుతుంది, తాలు కాయ కింద లెక్కగడితే సగం ధర కూడా రాదు. ఆరు నెలల కష్టం నేలమీద పరిచి ఉంది. మీద కప్పడానికి టార్పాలిన్ పరదాలున్నాయి గానీ మనుషుల్లేరు. నేను ఒక్కసారి చెట్టు వంక చూశాను. ఒక్క ఫోటో తీయడానికి ఎంతసేపు పడుతుంది? కానీ నా సంగతి నాకు తెలుసు, ఒక్కటితో ఆగను. స్టాండు అక్కడే వదిలేసి, కెమెరా కారులో పడేసి పరిగెత్తాను.

"శ్రీనూ, లే!"

కోటేశ్వరమ్మ పారతో కాయలు కుప్ప చేస్తుంటే నేను చేతులతోనే ఎగదోశాను. శ్రీను పరదాలు మోసుకొచ్చి పరిచాడు. అంచుల మీద రాళ్ళు పెడుతుండగా మొదటి చినుకులు పడ్డాయి. మా కల్లం కప్పడం అయిపోయింది. అప్పుడు చూశాను, అవతల పద్మ ఒక్కతే. పరదా ఒక అంచు తొక్కిపెట్టి రెండోది లాగుతుంటే గాలి దాన్ని పడవ తెరచాపలా ఎగరేస్తోంది. సగం కల్లం ఇంకా ఎర్రగా బయటే ఉంది.

కోటేశ్వరమ్మ కూడా చూసింది. నడుం మీద చేతులు పెట్టుకుని ఒక్క క్షణం అలాగే నిలబడింది. తర్వాత మిగిలిన పరదా భుజాన వేసుకుని గట్టు దాటింది.

"ఆ కొస వదిలేయ్. ఇది పట్టుకో పద్మా!"

పద్మ తెల్లబోయి చూసింది. "ఏం చూస్తావే, పట్టుకో! కాయ తడుస్తంది!"

పట్టుకుంది. మేమూ వెళ్ళాం. నలుగురం కలిసి లాగేసరికి వాన జోరందుకుంది. ఆకుల్లేని చెట్టు కింద తలదాచుకునేదేముంది? అందరం వెళ్ళి కారులో దూరాం. తలుపులు వేసి అద్దాలెత్తాక తెలిసింది మేం చేసిన పొరపాటు. ఒంటి నిండా, బట్టల నిండా మిరప ఘాటు. మొదట శ్రీను తుమ్మాడు. తర్వాత పద్మ, తర్వాత నేను. కోటేశ్వరమ్మ వరసగా ఎన్ని తుమ్మిందో. మధ్యలో "ఒరేయ్, అద్దం దించరా!" అని అరిచింది. దించితే వాన లోపలికొస్తోంది. ఎవరు ముందు నవ్వారో తెలియదు, తోడికోడళ్ళిద్దరూ కొంగులతో ముక్కులు తుడుచుకుంటూ పడీపడీ నవ్వారు.

నవ్వు ఆగాక పద్మ నెమ్మదిగా అంది. "వానాకాలంలో దీని నీడకి మావైపు నాలుగు సాళ్ళు ఎదగవక్కా. నువ్వెప్పుడూ వచ్చి చూడలా."

"ఎండాకాలం కోతలకొచ్చే కూలోళ్ళు దీని కిందే గదే అన్నాలు తినేది. మీవాళ్ళయినా, మావాళ్ళయినా," అంది కోటేశ్వరమ్మ.

ఇద్దరూ చెప్పింది నిజమే. ఆ తర్వాత వాళ్ళేం అనుకునేవాళ్ళో గానీ, ఈలోపు నేను ఊరికే ఉండలేక కెమెరా తీసి కంటికి పెట్టుకున్నాను. అంతసేపూ మిరపకాయలు ఎత్తిన చేతులు! కన్ను భగ్గుమంది. కోటేశ్వరమ్మ నా తల ఒళ్ళో పెట్టుకుని కదలకుండా పట్టుకుంటే, పద్మ సీసాలో నీళ్ళన్నీ సన్నగా కంట్లో పోసింది. "నలపమాకండి, నలపమాకండి" అని ఇద్దరూ ఒక్కసారే అరుస్తున్నారు.

వాన పావుగంటలో తగ్గింది. మధ్యాహ్నపు ఆ వెలుగు మాత్రం మళ్ళీ రాలేదు. ఆకాశమంతా బూడిదరంగు. చెట్టు తడిసి నల్లగా, ప్రతి కాయ కొసన ఒక నీటిచుక్కతో నిలబడి ఉంది. ఎడమ కంట్లో నీళ్ళు కారుతుండగా రెండో కంటితో చూసి తీశాను. ముందు అనుకున్న ఫోటో కాదది. ఏ తళుకూ లేకుండా, మొదలు నుంచి చిటారు కొమ్మ దాకా ఏదీ దాచుకోకుండా చెట్టు మొత్తం వచ్చింది. మాట ప్రకారం కోటేశ్వరమ్మకి చూపించాను. పద్మ కూడా భుజం మీదుగా తొంగిచూసింది.

"ఇంత అందంగా ఉందా ఇది?" అంది పద్మ. రోజూ దాని పక్కనే పనిచేసే మనిషి.

"బానే వచ్చింది, ఉంచుకో. మాకూ పంపించమ్మా," అంది కోటేశ్వరమ్మ. "కానీ నాది మీటల ఫోను. దాంట్లో బొమ్మలు రావు."

"నా ఫోనుకి పంపండి. నేను చూపిస్తాలే," అంది పద్మ.

సాయంత్రం వేటపాలెం దాకా వెళ్ళి జీడిపప్పు కొనుక్కున్నాం. అక్కడ జీడిమామిడి తోటలు ఏడాదంతా పచ్చగానే ఉంటాయి, చలికాలమైనా ఆకు రాల్చవు. "ఇవి తియ్యరా మేడం?" అన్నాడు శ్రీను. వద్దన్నాను. "నిజమేలెండి, ఆ దిరిసెన చూశాక ఇవి ఆనవు," అన్నాడు. రాత్రి భోజనాల వేళకి గుంటూరు చేరాం.

మాఘం వచ్చింది, నేను మళ్ళీ నగల మధ్య పడ్డాను. ఒక పెళ్ళిలో తలంబ్రాలు పోస్తుండగా ఫోను మోగింది. పద్మ నంబరు. పనయ్యాక చేస్తే కోటేశ్వరమ్మ గొంతు! "కొట్టలేదమ్మా. వాళ్ళవైపు కిందికొమ్మలు నాలుగు నరికించాం, సాళ్ళకి ఎండ తగలాలిగా. ఆ కూలి మేమే ఇచ్చాం. పైదంతా అట్టానే ఉంది." వెనక నుంచి పద్మ, "చిగురేశాక మళ్ళీ రమ్మని చెప్పక్కా" అంటోంది.

నా ఫోటోలో ఉన్న చెట్టు ఇప్పుడు సరిగ్గా ఆ రూపంలో లేదు. అందుకు నాకు బాధ లేదు. ఒక్క చెట్టు అందం కోసం వెళ్ళాను, అది దొరికింది. దాన్ని కొట్టొద్దన్న మనిషికీ, కొట్టాలన్న మనిషికీ చెరో కారణం ఉందనీ తెలిసింది. బంగారు వెలుగులో నేను తీయలేకపోయిన ఫోటో అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. కానీ స్టూడియో గోడకి మాత్రం ఆ బూడిదరంగు ఆకాశం కింద తడిసిన చెట్టునే తగిలించాను. పెళ్ళి ఆల్బం చూసుకోవడానికి వచ్చినవాళ్ళు ముందు దాని దగ్గరే ఆగుతున్నారు.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. పుష్యం చివర్లో వెళ్ళండి, చిన్న సీసాలో కొబ్బరినూనె, ఒక సబ్బు వెంట ఉంచుకోండి. మిరపకాయ ముట్టుకున్న చేతులకు ముందు నూనె రాసి, ఆ తర్వాత సబ్బుతో కడగందే కెమెరా కంటి దగ్గరికి తీసుకురాకండి.