చెప్పింది చెప్పినట్టు

మా ఇంటి అవ్వ పోయింది. మంగళవారం మూడో పీరియడ్‌లో ఆమె మనవరాలు నా క్లాసు గుమ్మం దగ్గరకొచ్చి, "టీచర్, అవ్వ పొయ్యింది. పొద్దుగాల చాయ్ తాగింది, జరసేపు పండుకుంట అన్నది, మల్ల లేవలే," అని చెప్పింది. నేను చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టి, పిల్లల్ని పక్క క్లాసు టీచరుకు అప్పగించి, ఆ అమ్మాయితో కలిసి ఆబిడ్స్ నుంచి నాంపల్లికి నడిచాను. ఏడేళ్ళుగా రోజూ నడిచే దారే. ఆ రోజు మాత్రం ఎంతకీ తరగలేదు.

మా ఇంటి అవ్వ అన్నాను గాని ఆమెకూ నాకూ ఏ చుట్టరికమూ లేదు. స్టేషన్ వెనక సందులో వాళ్ళింట్లో ఒక గది కిరాయికి తీసుకున్నదాన్ని, అంతే. ఉర్దూ చదువులు నడిచిన ఊళ్ళో తెలుగు క్లాసులు పెడుతున్నారంటే, గోదావరి ఒడ్డు నుంచి ట్రంకుపెట్టె పట్టుకుని వచ్చాను. ఈ ఊరికి తెలుగు నేర్పడానికే వచ్చాననుకున్నాను. ఆ పొగరు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

వచ్చిన రోజే "నమస్కారం మామ్మగారూ" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"మామ అంటున్నవేంది బిడ్డా? నాకేమన్న మీసాలున్నయా?"

అప్పటినుంచి నాకూ ఆమె అవ్వే. ఆ వారంలోనే బొగ్గుల కుంపటి రాజేయలేక నేను తంటాలు పడుతుంటే, చూసి చూసి, "నీకు ఇగురం తెల్వది," అంది. నాకు రోషం వచ్చింది. "ఎందుకు తెలీదండీ, వంకాయ ఇగురు నేను చాలా బాగా చేస్తాను," అన్నాను. ఆమె కుంపటి పక్కనే కూలబడి, పైట నోట్లో కుక్కుకుని నవ్వింది. వాళ్ళ మాటలో ఇగురం అంటే పని చేసే ఒడుపు, మనిషితో మెలిగే తెలివి. అది నాకు నిజంగానే తెలియదని తేలడానికి ఇంకో ఏడాది పట్టింది.

పొద్దున్నే దారం కట్టిన కళ్ళద్దాలు పెట్టుకుని అవ్వ ఉర్దూ పేపరు చదివేది. ఉర్దూలో చదివి, పొయ్యి దగ్గరున్న కోడలికి తెలుగులో చెప్పేది. ఆమె చిన్నప్పుడు తెలుగు బడి లేదు. కచేరీలో గుమాస్తాగా పనిచేసిన భర్త, పెళ్ళయ్యాక ఉర్దూ అక్షరాలు నేర్పాడట. "అయ్యో, తెలుగు రాదా అవ్వా?" అన్నాను ఒకసారి, జాలిగా.

"వస్తది. రాయనీకె రాదు. నోటికొచ్చింది రాదంటవేంది?" అంది పేపరు మీంచి తల ఎత్తకుండానే.

పక్కింటి బేగం పండగలకు గోడ మీదుగా సేమ్యాల పాయసం అందించేది. మొదటిసారి నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. బేగం లోపలికి వెళ్ళాక అవ్వ మెల్లగా అంది: "సయించకుంటే తినకు బిడ్డా. ఎవ్వలు బలవంతం జెయ్యరు. మూతి మాత్రం తిప్పకు." తిట్టినట్టు కూడా అనలేదు. ఆమె ఏదీ గట్టిగా అనేది కాదు. ఉన్న ఓపికంతా మోకాళ్ళ నొప్పికే సరిపోయేదేమో.

ఇక నా తప్పు సంగతి. అవ్వ మనవరాలు అప్పుడు నాలుగో క్లాసు, నా దగ్గరే చదివేది. ఒకరోజు నిన్న ఇంట్లో ఏం జరిగిందో చెప్పమన్నాను. పిల్ల లేచి, "మా మామ వచ్చిండు టీచర్. బువ్వ తిన్నడు. నాకు గాజులు తెచ్చిండు," అని సంబరంగా చెప్పింది. "నిజంగానా?" అన్నాను. "ఔ టీచర్" అంది. నేను పెదాలు సున్నాలా చుట్టి, "ఔ! ఔ!" అని వెక్కిరించాను. క్లాసంతా నవ్వింది. తమాషా ఏమిటంటే నవ్విన పిల్లలందరూ ఇళ్ళలో "ఔ" అనేవాళ్ళే. ఆ తరవాత "అవును, వచ్చారు, తిన్నారు" అని ఆ పిల్ల చేత పదిసార్లు అనిపించాను. అనింది. ఆ రోజు నుంచి నా క్లాసులో నోరు తెరవలేదు. పేరు పిలిస్తే చెయ్యెత్తేది. ఇంట్లో గలగలా మాట్లాడుతూ, నేను వాకిట్లోకి వస్తే ఠక్కున ఆపేసేది. రెండు నెలలు అలాగే గడిచాయి. నేను బతిమాలాను, బిస్కెట్లు తెచ్చిచ్చాను, కసిరాను కూడా. ఏమీ లాభం లేకపోయింది.

అవ్వకు అంతా తెలుసు. ఒక ఆదివారం కార్డు పట్టుకొచ్చి, "మా చెల్లెకు ఉత్తరం రాయి. ఆ ఊర్ల ఉర్దూ చదివేటాయన పొయ్యిండు, ఇప్పుడు తెలుగు పంతులే ఉన్నడు," అంది. అవ్వ చెల్లెలు నల్లగొండ దిక్కు పల్లెలో ఉంటుంది. అవ్వ చెప్పింది, నేను రాశాను. మనవరాలు స్తంభం పక్కన కూర్చుని చింతగింజలు ఆడుకుంటోంది.

రాసింది చదివి వినిపించాను: "ప్రియ సోదరికి ఆశీస్సులు. ఉభయకుశలోపరి. నా మోకాళ్ళ యందు బాధ అధికముగా నున్నది. నీవు తరచు జ్ఞప్తికి వచ్చుచున్నావు."

అవ్వ కళ్ళద్దాలు సర్దుకుని కార్డు వైపు చూసింది. "ఈమె ఎవరు?" అని అడిగింది.

"మీరే కదా అవ్వా. మీరు చెప్పిందే."

"గిది నేను గాదు బిడ్డా. మా చెల్లె గిది చదివించుకుంటే బుగులువడి ఏడుస్తది. అక్క పొయ్యింది, సర్కారోళ్ళు కాయిదం రాసిన్రు అనుకుంటది. నేను చెప్పింది చెప్పినట్టు రాయి."

ఇంకో కార్డు తీశాను. "చెల్లె, మంచిగున్నవా? మోకాళ్ళు సతాయిస్తున్నయి. నువ్వు మస్తు యాదికొస్తున్నవ్." రాస్తుంటే నా చెయ్యి మొరాయించింది. పిల్లల నోట్‌బుక్కుల్లో ఎర్రసిరాతో కొట్టేసిన మాటలన్నీ నా అక్షరాల్లోనే వరసగా వచ్చి కూర్చున్నాయి. చదివి వినిపించాను. అవ్వ కళ్ళు తుడుచుకుని, "ఔ. గిది నేనే," అంది. చింతగింజల చప్పుడు ఆగిపోయింది. ఆ పిల్ల నన్నే చూస్తోంది. అవ్వ ఆ పిల్ల గురించి ఒక్క ముక్క అనలేదు. ఇగురం అంటే ఏమిటో ఆ పూట నాకు అర్థమైంది.

మర్నాడు క్లాసులో, మీ ఇంట్లో పెద్దవాళ్ళు అన్న ఒక మాటను వాళ్ళు అన్నట్టే రాయమన్నాను. ఎర్రసిరా తియ్యనని మాటిచ్చాను. చదవడానికి ఎవరొస్తారంటే, రెండు నెలల తరవాత ఆ పిల్ల లేచింది. "మా అవ్వ అన్నది: సయించకుంటే తినకు, మూతి తిప్పకు." అందరికంటే ముందు నేను నవ్వాను. ఆ తరవాత ఏడుపు వచ్చింది, బోర్డు వైపు తిరిగి తుడిచాను.

దాంతో అంతా చక్కబడిందని చెప్పను. కోఠి బస్టాపులో నేను నోరు విప్పితే చాలు, "మీదే ఊరు?" అంటారు. సెలవులకు మా ఊరు వెళితే "నైజాందానివైపోయావే" అంటారు. ఇప్పుడు మా రాష్ట్రమూ ఈ రాష్ట్రమూ ఒకటవుతున్నాయట, పేపర్ల నిండా అదే. కలిస్తే మంచిదా కాదా అని స్టాఫ్ రూములో రోజూ వాదనలు. ఎవరి మాట సరైనదో తేల్చే ఓపిక నాకు లేదు. అలసిపోయాను. ఒకసారి సందులో ఎవరో నన్ను చూపించి "ఈమె ఎక్కడామె?" అని అడిగితే, అవ్వ కూరగాయలు ఏరుకుంటూ "మా ఇంటామె" అంది, బెండకాయ తుంచి చూసినంత మామూలుగా. ఆ ఒక్క మాట మీద ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉన్నాను.

అవ్వ పోయిన సంగతి చెల్లెలికి రాసే పని నా మీదే పడింది. "చిన్నవ్వా, నీ అక్క పొయ్యింది. తక్లీఫ్ పడలేదు. చాయ్ తాగి పండుకున్నది, గంతే. మొన్న గూడ నిన్ను యాది చేసింది," అని రాశాను. నిన్న జవాబు వచ్చింది. ఆ ఊరి పంతులూ చెప్పింది చెప్పినట్టే రాశాడు: "కార్డు చదువుతుంటే మా అక్క పక్కకు కూసోని చెప్పినట్టుండె. రాసిన బిడ్డ ఎవరింటి పిల్ల?"

సాయంత్రం కార్డు ముందు పెట్టుకుని కూర్చున్నాను. మా ఊరి పేరు రాయనా, బడి పేరు రాయనా? మనవరాలు వచ్చి పక్కన కూర్చుని, జవాబు చదివి, "గింత సోచాయిస్తరేంది టీచర్? మా ఇంటి పిల్లనే అని రాయుండ్రి," అంది.

చెప్పింది చెప్పినట్టు రాశాను. సిరా ఆరడానికి కార్డును, అవ్వ కూర్చుని పేపరు చదివే అరుగు మీద పెట్టాను.