రోహిణీ ఎండలో ఉన్ని తొడుగులు

డెబ్బైల చివర్లో, ధర్మవరంలో, రోహిణీ ఎండలు మండుతుండగా నేను ఉన్ని చేతి తొడుగులు అల్లడానికి కూర్చున్నాను. వీధంతా నవ్వింది. ఎదురింటి అత్తకయితే రోజూ మా గడపలో నిలబడి, పిల్లకు వడదెబ్బ తగిలిందేమో చూసుకోమని మా అమ్మకు చెప్పకపోతే పొద్దుపోయేది కాదు. నవ్వేవాళ్లను నవ్వనీ అనుకున్నాను. నాది మొండితనం, ఇప్పటికీ తగ్గలేదు.

పటాలంలో చేరిన మా అన్న నెల సెలవు మీద ఇంటికొచ్చాడు. మంచుకొండల్లో కాపలా. అన్నం కలుపుకునేటప్పుడు చూశాను, వేళ్ల కొసలు నల్లబడి పగిలిపోయి ఉన్నాయి. కారం తగిలితే చెయ్యి వెనక్కి లాక్కుంటున్నాడు. వాళ్లిచ్చిన తొడుగుల లోపల ఇంకో జత ఉంటే బాగుండేదని ఒక్కసారి అన్నాడు, అంతే. అన్న రైలెక్కే లోపల జత పూర్తిచేసి తీరాలనుకున్నాను.

బళ్లో కుట్టుపని టీచరమ్మ దగ్గర ఒక్క రంగుతో స్వెట్టరు అల్లిన అనుభవం ఉంది. ఇది మాత్రం రెండు రంగుల్లో ఉండాలి. నేతగాడి కూతురు తన అన్నకు సాదా తొడుగు ఇస్తుందా? పట్టు కోసం బెంగుళూరు పోయిన మామతో మెరూన్, పసుపు ఊలు తెప్పించుకున్నాను. నాయన చీర అంచులు గీసుకునే గళ్ల కాగితాల్లోంచి గోపురం అంచు ఒకటి అడక్కుండానే తీసుకున్నాను. గడికొక అల్లిక. చెమటకు ఊలు వేళ్లకు అంటుకునేది.

పదిరోజులకు మొదటిది అయింది. ఒక్క గడి తప్పకుండా వరసగా గోపురాలు. అన్నను పిలిచి చెయ్యి పెట్టమన్నాను. వేళ్లు సగం దాకా పోయి ఆగిపోయాయి. నేను చిన్నబుచ్చుకుంటానని, మంచులో చేతులు ముడుచుకుపోతాయి, అప్పుడు పడుతుందిలే అన్నాడు అన్న. నాకు ఏడుపు కన్నా ముందు కోపమొస్తుంది. తొడుగును విసిరికొట్టాను. అది పోయి మగ్గం గుంతలో నాయన కాళ్ల దగ్గర పడింది.

నాయన అంతవరకు నా ఊలు వైపు కన్నెత్తి చూడలేదు. ఇప్పుడు దాన్ని తీసి, దులిపి, గోపురాల వైపు చూడకుండానే లోపలిది బయటికి తిప్పాడు. నేతగాళ్లు బట్టను వెనక నుంచే చూస్తారు. పసుపు అల్లేటప్పుడు వెనకగా దాటిపోయే మెరూన్ దారాన్ని నేను లాగి లాగి బిగించాను, దాంతో తొడుగంతా లోపలికి ముడుచుకుపోయింది. దారం వదులైతే చీర చెడినట్లేనని పుట్టినప్పటి నుంచీ వింటున్న ఇల్లు మాది. ఆ భయం నా వేళ్లలో ఉంది.

"పట్టు గాదు పాపా ఇది," అన్నాడు నాయన. "మొగ్గం కాడి బిగువు ఈడ పనికిరాదు. ఎనక దారాన్ని వదులుగా పోనీ. చేతికి ఊపిరాడాల గదా."

అంతా విప్పేశాను. బిగించడం కన్నా వదలడం కష్టమని అప్పుడే తెలిసింది. నాలుగు అల్లికలకోసారి వెనక దారం కింద వేలు దూర్చి చూసుకునేదాన్ని. ఈసారి మొదటిది అన్న చేతికి హాయిగా పట్టింది. నా సంతోషం ఇంతా అంతా కాదు.

సెలవు మాత్రం అయిపోయింది. రెండో దానికి బొటనవేలు మిగిలింది. సూదులతోనే స్టేషనుకు పోయాను. బెంచీ మీద నేను అల్లుతుంటే, నాయన పక్కన నిలబడి ఊలుండ పట్టుకుని నాకు కావలసినంత దారం వదులుతూ ఉన్నాడు. చూసేవాళ్లు చూస్తున్నారు. ఆయన పట్టించుకోలేదు. రైలు కూత వేసింది. ఆఖరి కుట్టు వేసి, దారం పళ్లతో కొరికి, తొడుగును కిటికీలోంచి అన్నకు అందించాను.

రైలు కదిలింది. మిట్టమధ్యాహ్నం, ప్లాట్‌ఫారం బండలు కాలుతున్నాయి. కిటికీ ఊచల మధ్య నుంచి రెండు ఉన్ని చేతులు బయటికొచ్చి ఊగాయి. అందరూ పిచ్చివాణ్ణి చూసినట్లు చూశారు. నాయన ఆ చేతులు కనబడినంతసేపూ చూసి, మిగిలిన ఊలుండ నా చేతిలో పెట్టాడు.

"చేతులు దూరినాయి పాపా," అన్నాడు. "రెండూ దూరినాయి."