కట్ల మామయ్య పోసిన అచ్చు

ఎముకల వార్డు చివర, మెట్ల కింద ఉన్న గదిలో ముప్పై ఒక్కేళ్లుగా పిండికట్లు కడుతున్న మనిషి అతను. చెయ్యి విరిగినవాళ్లు, కాలు విరిగినవాళ్లు, చెట్టు మీంచి పడ్డవాళ్లు, తాగి మెట్ల మీంచి పడి చెట్టు మీంచి పడ్డామని చెప్పుకునేవాళ్లు, అందరూ అతని బల్ల ఎక్కి దిగినవాళ్లే. డాక్టర్లు మారారు, మంచాలు మారాయి, గోడల రంగు మూడుసార్లు మారింది. అతనూ, అతని నీళ్ల బకెట్టూ మాత్రం మారలేదు. అందరూ అతన్ని కట్ల మామయ్య అనేవారు. కొత్తగా చేరిన నర్సులు ఆ పేరు విని కట్లపాము గుర్తొచ్చి కిసుక్కున నవ్వితే, "పాము కాటేస్తుంది తల్లీ, నేను కట్టేస్తాను. అంతే తేడా" అనేవాడు.

ఆ గదిలో అతను రోజుకి పదిసార్లు చెప్పే మాట ఒకటుంది. తడి ప్లాస్టర్ పట్టీ చుట్టిన కాసేపటికి అందులోని పిండి గట్టిపడుతూ వేడెక్కుతుంది. రోగి కంగారుపడి "కాలుతోందండీ" అంటాడు. "ఏం కాదు, అలాగే ఉంటుంది. రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది" అంటాడు ఇతను, తలైనా ఎత్తకుండా. నిజంగానే రెండు నిమిషాల్లో చల్లారిపోయేది. ఇన్నేళ్లలో ఒక్కరికీ బొబ్బ కూడా లేవలేదు. ఇక ఆ మాటకి అతనేం ఆలోచించాలి?

రోజంతా కట్లు కట్టి ఇంటికొచ్చినా మళ్లీ అదే సరదా. ఆస్పత్రిలో గడువు దాటిందని పారేసే పట్టీలు అడిగి తెచ్చుకుని, కనబడిన వాళ్ల చేతులకల్లా అచ్చులు తీసేవాడు. పక్కింటి ముసలమ్మ చెయ్యి, కూరగాయల బండివాడి చెయ్యి, పెళ్లికి ముందురోజు కూతురి చెయ్యి. అటక నిండా తెల్లటి చేతులే. "ఇది ఇల్లా, దెయ్యాల కొంపా? దుమ్ము దులుపుదామని ఎక్కితే ఎవరు పీక పట్టుకుంటారో తెలీదు" అని భార్య సణిగేది. సణుగుతూనే ఒక్కోదానికీ పాత గుడ్డ చుట్టి, పగలకుండా సర్దేది.

ఆమెదీ చేతిపనే. క్రోషే సూది పట్టిందంటే లోకం తెలియదు. టీవీ చూస్తూ అల్లేది, పక్కింటావిడతో మాట్లాడుతూ అల్లేది, బస్సులో నిలబడి కూడా అల్లేది. ఆ వీధిలో ఆమె అల్లిన శాలువా లేని ఇల్లు లేదు. "నా నోటికైనా విశ్రాంతి ఉంటుందేమో గానీ ఈ చేతికి లేదు" అనేది. "రెండిటికీ లేదులే" అనేవాడు అతను. ఇలా ఒకరినొకరు దెప్పుకుంటూ ముప్పై నాలుగేళ్లు కాపురం చేశారు.

ఆదివారం పొద్దున గ్రంథాలయం మేడమీద హాల్లో చేతిపనుల మీద ఇష్టమున్నవాళ్లు కలుస్తారు. పెద్ద సంఘమేం కాదు, ఓ పదిహేనుమంది. బస్సు కండక్టరు ఒకాయన అగ్గిపుల్లలతో ఓడలు కడతాడు. లెక్కల టీచరమ్మ ఒకావిడ చిరిగిన పుస్తకాలకి కొత్త అట్టలు కుడుతుంది. చేసింది బల్ల మీద పెట్టాలి, ఎలా చేశారో దాచుకోకుండా చెప్పాలి. అంతకుమించి వాళ్లకి నియమాలు లేవు.

అక్కడ కట్ల మామయ్యకి మంచి పేరే ఉంది. కాకపోతే పట్టీలతో తీసిన అచ్చులో చెయ్యి ఆకారం వస్తుంది గానీ గీతలు రావు. గోళ్లు రావు, ముడతలు రావు. ఒకసారి టీచరమ్మ అతను తెచ్చిన చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, "బావుంది మామయ్యగారూ. ఎవరిదో మాత్రం తెలియట్లేదు" అంది. ఆవిడ మంచిమనసుతోనే అంది. కానీ ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. వారం రోజులు అన్నం సరిగా సయించలేదు. ఈ వయసులో ఈ పంతం ఎందుకయ్యా అని అడిగేవాళ్లు లేకపోయారు.

మరుసటి ఆదివారం హాల్లో లేచి నిలబడ్డాడు. "వచ్చేవారం మా ఆవిడ చెయ్యి తెస్తాను. సూది పట్టుకున్నట్టే ఉంటుంది, గీతలతో సహా. ఎవరిదో అప్పుడు చెప్పండి" అన్నాడు. ఎలా చెయ్యబోతున్నాడో కూడా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాడు. పట్టీలు ఉండవు. రేకు డబ్బా నిండా చిక్కటి పిండి కలపాలి, అందులో మణికట్టు దాకా చెయ్యి ముంచాలి. చేతి పక్కనే ఒక దారం ఉంచాలి. పిండి సగం గట్టిపడగానే దారం పైకి లాగితే అచ్చు రెండు చెక్కలుగా విడుతుంది, చెయ్యి బయటికొస్తుంది. ఆ చెక్కలు మళ్లీ కలిపి లోపల పిండి పోస్తే అదే చెయ్యి తయారు. త్వరగా గట్టిపడాలంటే వేడినీళ్లతో కలపాలి. వార్డు బయట జనం బారులు తీరిన రోజున అతను వాడే చిట్కా అది. కండక్టరు అన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

పల్చటి పట్టీలో పుట్టిన వేడి గాలికి పోతుంది. డబ్బా నిండా ఉన్న పిండిలో పుట్టిన వేడి ఎక్కడికి పోతుంది? చల్లటి నీళ్లతో కలిపినా ప్రమాదమే, ఇక వేడినీళ్లంటే అగ్నికి ఆజ్యం పోసినట్టే. పిండి మొహం ఎన్నడూ చూడనివాడైతే భయపడి ఎవరినైనా అడిగేవాడు. ఇతను ముప్పై ఒక్కేళ్లు చూశాడు కాబట్టి ఎవరినీ అడగలేదు.

శనివారం సెలవు పెట్టి, పొద్దున్నే పెరటి వసారాలో ఆమెని కూర్చోబెట్టాడు. కుడిచేతికి వేజలీన్ రాశాడు. సూది పట్టించి, వేళ్లు సరిచేసి, చేతిని డబ్బాలోకి దించాడు.

"ఎంతసేపండీ?"

"పది నిమిషాలు. కదిలావో, మళ్లీ మొదటికొస్తుంది."

"ఈ పదినిమిషాల్లో రెండు వరసలు అల్లేదాన్ని" అని నవ్వింది ఆమె. ఆ నవ్వు అతనికి ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంటుంది.

కాసేపటికి ఆమె అంది, "ఏమండీ, వేడెక్కుతోంది."

"ఏం కాదు, అలాగే ఉంటుంది. రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది."

ఇంకాసేపటికి, "కాదండీ, కాలుతోంది. నిజంగా కాలుతోంది" అంది. అతను వంగి దారం కొసనే చూస్తున్నాడు. ముందు లాగితే అచ్చు చెరుగుతుంది, ఆలస్యమైతే దారం కదలదు. అతని ప్రాణమంతా ఆ దారం మీదే ఉంది. "కదపకు, గీతలు పోతాయి. రెండు నిమిషాలు" అన్నాడు. ఆమె పళ్లు బిగబట్టి కూర్చుంది. ఊరందరి ఎముకలూ అతికించిన మనిషి తన చెయ్యి పాడు చేస్తాడా అనుకుంది పాపం.

మూడోసారి మాట రాలేదు, కేక వచ్చింది. అప్పుడు తలెత్తి చూశాడు. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. దారం లాగితే పుటుక్కున తెగింది. వేడినీళ్ల పిండి అతను అనుకున్నదానికన్నా ముందే రాయైపోయింది. డబ్బా పట్టుకుంటే అతని అరచెయ్యే చురుక్కుమంది. కట్లు కోసే రంపం ఆస్పత్రిలో ఉంది, ఇంట్లో ఉన్నవి సుత్తీ ఉలీ. ఆమె అరుస్తూనే ఉంది. రేకు చీల్చి, రాయి పగలగొట్టి, చెయ్యి బయటికి తీసేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. వేళ్లు తెల్లగా, ఉడికినట్టు ఉన్నాయి. అప్పటికి ఆమె అరవడం మానేసింది. వేళ్లలో నొప్పి తెలియట్లేదంది. అది మంచి లక్షణం కాదని అతనికి తెలుసు.

పెద్ద డాక్టరు ఎలా జరిగిందని అడిగితే, "మరిగే నీళ్లు ఒలికాయండీ" అన్నాడు. ఎనిమిది నెలల్లో రిటైరయ్యే మనిషి. తన గది ఉన్న ఆస్పత్రిలోనే, తన చేతి కింద కట్లు నేర్చుకున్నవాళ్ల ముందే, నా భార్య చెయ్యి నేనే కాల్చానని చెప్పడానికి నోరు పెగల్లేదు. ఆమె గోళ్ల కింద ఇరుక్కున్న తెల్లటి పిండిని చూసి నర్సు ఒకసారి అతని వైపు చూసింది. ఏమీ అడగలేదు. మంచం మీదున్న ఆమె కూడా ఏమీ అనలేదు. మూడు వారాల్లో రెండు ఆపరేషన్లు చేసి చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు తీసేశారు. బొటనవేలు ఉంది గానీ వంగదు. మిగిలింది చిటికెనవేలు.

ఇంటికొచ్చాక ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే అతను బతికిపోయేవాడు. కూతురు వచ్చి వంట చేసి వెళ్లేది, మరిగే నీళ్లని తిట్టుకుంటూ. సగం అల్లిన శాలువా, దారపు ఉండలు ఒక సంచిలో వేసి ఆమె పక్కింటావిడకి ఇచ్చేసింది. ఎడమచేత్తో జడ వేసుకోవడం రాక జుట్టు కత్తిరించేసుకుంది. అతను ఆదివారాలు హాలుకి వెళ్లడం మానేసి, ఇంట్లో ఒక మూల చూస్తూ కూర్చునేవాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు. ఇక్కడ చేసింది ఒకరు, అనుభవించింది ఇంకొకరు.

రెండు నెలల తర్వాత కండక్టరు వెతుక్కుంటూ వచ్చాడు. "ఏంటి మామయ్యా, మమ్మల్ని మర్చిపోయావా? అత్త చేతి మీద మరిగే నీళ్లు పడ్డాయట, ఎలా ఉంది?" అని పలకరించి, కాసేపు ఓడల కబుర్లు చెప్పి, లేవబోతూ అన్నాడు. "నువ్వు రాకపోయినా నీ విద్య వదల్లేదు. మా మనవరాలికి ఏడేళ్లు నిండాయి. ఈ ఆదివారం హాల్లో దాని చెయ్యి అచ్చు తీస్తున్నాం, అందరి ముందూ. నువ్వు చెప్పినవన్నీ రాసుకున్నాగా. పిండి తెచ్చాను, డబ్బా తెచ్చాను."

కట్ల మామయ్య తల ఊపాడు. అటు కండక్టరు మెట్లు దిగగానే ఇటు లోపలి గదిలోంచి ఆమె వచ్చింది.

"విన్నాను. వెళ్లి చెప్పండి."

"ఏదో ఒకటి చెప్పి మాన్పిస్తాలే. పిండి మంచిది కాదని..."

"అప్పుడు ఇంకో మంచి పిండి తెస్తారు. జరిగింది చెప్పండి."

"వాళ్ల ముందు నా ముఖం ఎలా చూపించుకోను? సిగ్గుతో చచ్చిపోతాను."

"సిగ్గు మీది. చెయ్యి ఆ పిల్లది" అంది ఆమె.

ఆదివారం వెళ్లాడు. బల్ల మీద డబ్బా సిద్ధంగా ఉంది. పిల్ల చొక్కా చెయ్యి మడిచి కూర్చోబెట్టారు. అతను ముందు డబ్బా తీసి కింద పెట్టి, తర్వాత నోరు తెరిచాడు. పిండి ఎంత కలిపాడో చెప్పాడు, నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో చెప్పాడు, దారం ఎలా తెగిందో, ఎన్ని వేళ్లు పోయాయో, ఆస్పత్రిలో ఏం అబద్ధం చెప్పాడో చెప్పాడు. కండక్టరు మనవరాలిని దగ్గరికి లాక్కుని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. ఎవరో, పల్చగా పోస్తే వేడెక్కదా అని అడిగారు. చల్లటి నీళ్లయితేనో అని ఇంకెవరో అడిగారు. అతను అన్నిటికీ జవాబు చెప్పాడు. అది తెలిసిన విద్య, చెబుతుంటే గొంతు కూడా స్థిరపడింది. చివరికి టీచరమ్మ కళ్లు తుడుచుకుని, "మీరు మాత్రం కావాలని చేశారా మామయ్యగారూ, తెలియక జరిగింది" అంది. అందరూ అవునన్నారు.

రెండు నెలల్లో మొదటిసారి అతను తల ఎత్తుకుని వీధిలో నడిచాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే ఆమె ఎదురొచ్చింది.

"చెప్పారా?"

"చెప్పాను. అన్నీ చెప్పాను. ఒక్కటీ దాచలేదు."

"ఏమన్నారు?"

"ఎవరూ నన్నో మాట అనలేదు. తెలియక జరిగిందన్నారు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఆ చూపు ఎదుర్కోలేక అతను విడిచిన చెప్పుల వైపు చూశాడు.

"తెలియకపోవడం ఏమిటి?" అంది ఆమె. "కాలుతోందని నేను చెప్పాను కదా. ఆ సంగతి వాళ్లకి చెప్పారా?"

అతను చెప్పలేదు. దాచాలనుకోలేదు కూడా. అంతమంది ముందు అంతసేపు మాట్లాడినా ఆ సంగతి అతనికి గుర్తే రాలేదు.